విత్తనం కంటికి ఎర్ర కాగితం, నీలి కాగితం

కందుకూరు (మా గ్రామీణ విలేఖరి): పొగాకు నారుమడి పోసే రైతును ఎవరినైనా అడిగి చూడండి. విత్తనాన్ని మట్టిలో పూడ్చకూడదంటాడు. గ్రాము తూకానికి పదివేలకు పైగా గింజలు తూగే ఆ నుసి లాంటి విత్తనాన్ని నీళ్లలో కలిపి రోజ్ క్యాన్‌తో మడి మీద చల్లుతారు. పైన తాటాకో, వరిగడ్డో పలచగా పరుస్తారు. మొలక కనబడగానే ఆ కప్పునూ కొంచెం కొంచెంగా తీసేస్తారు. ఎందుకు పూడ్చవయ్యా అంటే "పూడిస్తే రాదు" అంటాడే తప్ప అంతకు మించి చెప్పడు.

గింజ మరీ చిన్నది కనుక మట్టిని తోసుకుని రాలేదనేది సగం నిజం. మిగతా సగం వేరే ఉంది. తడిసిన పొగాకు గింజకు వెలుగు తగలాలి. తగలకపోతే చాలా రకాల్లో గింజ బతికే ఉంటుంది గాని మొలవదు. అంటే కళ్లు లేని గింజ పగలేదో, చీకటేదో గుర్తు పడుతోందన్నమాట!

ఇదెక్కడి విడ్డూరం అనిపించవచ్చు. గింజలో ఆ పని చేసేది ఒక మాంసకృత్తు. శాస్త్రజ్ఞులు దానికి ఫైటోక్రోమ్ అని పేరు పెట్టారు. వెలుగు తగిలితే రూపు మార్చుకునే ప్రోటీను అది. దాన్ని కనిపెట్టిన కథలో పెద్ద పెద్ద యంత్రాలు ఉన్నమాట నిజమే గాని, అసలు పని చాలావరకు సాగించినవి రంగు గాజు పలకలూ, బహుమతుల పొట్లాలకు చుట్టే రంగుల సెల్లోఫేన్ కాగితాలూ. చదువుకున్న వాళ్లు వీటినే ఫిల్టర్లంటారు. కాఫీ ఫిల్టరు పొడిని ఆపి డికాషన్‌ను వదిలినట్లు, ఇవి కొన్ని రంగుల వెలుగును ఆపి కొన్నింటిని వదులుతాయి.

పొగాకుతోనే మొదలు

మన జిల్లా రైతులకు నచ్చే సంగతి ఏమిటంటే, ఈ కథకు ఆది పొగాకే. అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులకు 'మేరీలాండ్ మామత్' అనే పొగాకు రకం తలనొప్పి తెచ్చిపెట్టింది. వేసవిలో పొలంలో పదడుగులు దాటి పెరిగేది. ఆకు మీద ఆకు వేసేది. పువ్వు మాత్రం పూసేది కాదు. పువ్వు లేకపోతే విత్తనం లేదు కదా! అదే రకాన్ని చలికాలంలో గాజు ఇంట్లో పెంచితే పొట్టిగా ఉండగానే పూసేది.

ఎరువు మార్చి చూశారు, తేమ మార్చి చూశారు, వేడి మార్చి చూశారు. ఏదీ కారణం కాలేదు. చివరకు 1918 వేసవిలో తొట్లలోని మొక్కలను పొద్దు వాలకముందే చీకటి కొట్టంలోకి తోసి, మర్నాడు పొద్దెక్కాక బయటకు తెచ్చారు. నడివేసవిలో మొక్క పూత పట్టింది. పగటి పొడుగును బట్టి మొక్క పూతకు వస్తుందని 1920లో ప్రకటించారు.

నిజానికి మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, రాత్రిని. ఆ సంగతి 1938లో హామ్నర్, బానర్ అనే ఇద్దరు తేల్చారు. వారు వాడిన మొక్క మన పొలాల గట్ల మీద పంచెలకు, చీరెలకు అంటుకునే మరులమాతంగి. పొడుగాటి రాత్రి ఒక్కటి దొరికితే చాలు, అది పూస్తుంది. ఆ రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగించి ఆర్పేశారో, ఇక పూయదు!

మరి ఆ దీపంలో ఏ రంగు ఈ పని చేస్తోంది? తెల్లటి వెలుగులో ఇంద్రధనుస్సు రంగులన్నీ కలిసే ఉంటాయి. ఆ ముడి విప్పితే గాని మొక్కలో వెలుగును పట్టే పదార్థం ఏమిటో అంతుచిక్కదు.

ఎరుపు ఒకటి, అవతలి ఎరుపు ఒకటి

మేరీలాండ్ రాష్ట్రంలో బెల్ట్స్‌విల్ అనే ఊరు ఉంది. అక్కడ అమెరికా వ్యవసాయ శాఖ వారి పెద్ద పరిశోధన కేంద్రం ఉంది. బోర్త్‌విక్ అనే వృక్ష శాస్త్రజ్ఞుడు, హెండ్రిక్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, పార్కర్ అనే మరొకరు అక్కడ జట్టు కట్టారు. సినిమా ప్రొజెక్టర్లలో వాడే రకం కార్బన్ ఆర్క్ దీపం వెలుగును గాజు పట్టకాల గుండా పంపి, గోడంత ఇంద్రధనుస్సు పరిచారు. దాని పొడవునా సోయాబీన్ మొక్కలు నిలబెట్టారు. మొక్కకు ఒక్క ఆకు మాత్రం ఉంచి మిగతావి తుంచేశారు. ఏ రంగులో ఎంత వెలుగు పడితే పూత ఆగుతుందో కొలిచారు. ఎరుపు అన్నింటికన్నా బలమైనదని 1946 నాటికి తేలింది.

ఆ తరువాత లెట్యూస్ విత్తనం రంగంలోకి వచ్చింది. అది మనవాళ్లు పెద్దగా తినని ఆకుకూర. దానిలో 'గ్రాండ్ రాపిడ్స్' అనే రకం పొగాకు లాగే వెలుగు పడితే గాని మొలవదు. 1930లలోనే ఫ్లింట్, మెకాలిస్టర్ అనేవారు ఒక చిత్రం గమనించారు. ఎర్రటి వెలుగు దాన్ని మొలిపిస్తుంది. ఎరుపు దాటి, మన కంటికి ఆనీ ఆననట్లుండే ముదురు వెలుగు దాన్ని అణచివేస్తుంది. ఈ రెండో దాన్ని శాస్త్రజ్ఞులు ఫార్‌రెడ్ అంటారు. మనం 'అవతలి ఎరుపు' అందాం. అంకెలు కావాలనే వారికి: మొదటిది 660 నానోమీటర్ల దగ్గర, రెండవది 730 దగ్గర.

బెల్ట్స్‌విల్ వారు 1952లో చేసిన పరీక్ష చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. విత్తనాలను చీకట్లో నానబెట్టారు. ఒక నిమిషం ఎర్ర వెలుగు చూపి మళ్లీ చీకట్లో పెడితే నూటికి 70 మొలిచాయి. ఎరుపు తరువాత నాలుగు నిమిషాలు అవతలి ఎరుపు చూపితే 6 మొలిచాయి. దాని మీద మళ్లీ ఒక నిమిషం ఎరుపు చూపితే 74. మళ్లీ అవతలి ఎరుపు చూపితే 6. ఇలా ఒకదాని తరువాత ఒకటి మార్చుకుంటూ పోయారు. 76, 7, 81, 7. ఎన్నిసార్లు మార్చినా గింజ చివర చూసిన వెలుగు మాటే విన్నది!

తలుపు గడియ లాంటిదన్నమాట. ఎరుపు తీస్తుంది, అవతలి ఎరుపు వేస్తుంది. రెండూ ఒకే గడియ మీద పనిచేస్తున్నాయంటే, ఒకే పదార్థం రెండు రూపాల మధ్య అటూ ఇటూ మారుతోందన్నమాట. పదార్థాన్ని కంటితో చూడకుండానే ఇంత దూరం ఊహించడం గొప్ప సంగతి.

రెండు కాగితాల కిటుకు

పట్టకాల యంత్రం పెద్దది, ఖరీదైనది. రోజువారీ పనికి దానితో కుదరదు. అందుకని వారు పట్టుకున్నది సెల్లోఫేన్ కాగితాన్ని. ఇక్కడ కొంచెం నిదానంగా చదవాలి.

ఎర్ర కాగితం నీలి, ఆకుపచ్చ వెలుగులను మింగేస్తుంది. ఎరుపును వదులుతుంది. అయితే అవతలి ఎరుపును కూడా వదిలేస్తుంది. ఆ రంగు మన కంటికి సరిగా ఆనదు కనుక అది వస్తున్నట్లే తెలియదు. అందుకని ఎర్ర కాగితాన్ని ట్యూబ్‌లైటుకు చుట్టారు. ట్యూబ్‌లైటులో అవతలి ఎరుపు దాదాపు ఉండదు కనుక వచ్చేది మంచి ఎరుపే.

మరి అవతలి ఎరుపు ఒక్కటే కావాలంటే? ముదురు నీలి కాగితం ఎరుపును మింగుతుంది. అదీ అవతలి ఎరుపును వదులుతుంది. కనుక ఎర్ర కాగితం రెండు పొరలు, నీలి కాగితం రెండు పొరలు కలిపి కడితే నీలిని ఎర్రది మింగుతుంది, ఎరుపును నీలిది మింగుతుంది. రెండూ వదిలేది అవతలి ఎరుపు ఒక్కదాన్నే. దీనికి ట్యూబ్‌లైటు పనికిరాదు. ఫిలమెంటు ఉన్న పాత బల్బు కావాలి, దానిలో ఈ వెలుగు దండిగా ఉంటుంది. మన ఇళ్లలో ఇప్పుడు వెలిగే తెల్ల ఎల్‌ఇడి బల్బులోనూ అది నామమాత్రమే.

ఇంకా నికార్సయిన వెలుగు కావాలనుకునే వారు గాజు మీద అతి సన్నని పొరలు ఒకదాని మీద ఒకటి పోతపోసిన ఫిల్టర్లు వాడతారు. వాన నీటి మీద నూనె చుక్క పడితే రంగులు తేలతాయే, ఆ సూత్రమే. 660 దగ్గర అటు కొద్దిగా ఇటు కొద్దిగా తప్ప మిగతా వెలుగునంతా వెనక్కి తిప్పికొడతాయి. వీటిని వాలుగా పెట్టకూడదు. పెడితే వదిలే రంగు నీలి వైపు జరిగిపోతుంది. దీపం వేడి తగలకుండా మధ్యలో నీళ్ల తొట్టి పెట్టడం కూడా ప్రయోగశాలల్లో అలవాటే. గింజ వెలుగుకు మొలిచిందో వేడికి మొలిచిందో తెలియకపోతే చేసిన పనంతా వృథా కదా!

ఉందా, లేదా?

ఇంత చేసినా పదార్థాన్ని ఎవరూ చూడలేదు. అది శాస్త్రజ్ఞుల ఊహలోనే ఉందని గిట్టనివారు ఎగతాళి చేశారు. బెల్ట్స్‌విల్‌లోనే కార్ల్ నోరిస్ అనే ఇంజనీరు ఉండేవాడు. కోడిగుడ్లు, పండ్లు పగలగొట్టకుండా వెలుగు పంపి లోపలి నాణ్యత చెప్పే యంత్రాలు చేయడం ఆయన పని. ఆ యంత్రంతో మొక్కను చూద్దామన్నారు.

ఆకుపచ్చ మొక్క పనికిరాదు. ఆకులోని పత్రహరితం ఎరుపును తానే మింగి అంతా కప్పేస్తుంది. అందుకని చీకట్లో మొలిపించిన, పాలిపోయిన మొక్కజొన్న మొలకలు తీసుకున్నారు. ఎర్ర వెలుగు చూపి కొలిచారు. అవతలి ఎరుపు చూపి కొలిచారు. మొదటి దానికి 660 దగ్గర వెలుగు మింగడం తగ్గి 730 దగ్గర పెరిగింది. రెండో దానికి అదే తిరగబడింది. గడియ కదలడం యంత్రం ముల్లు మీదే కనిపించింది! బట్లర్, నోరిస్, సీగెల్‌మాన్, హెండ్రిక్స్ కలిసి 1959లో ఈ సంగతి ప్రకటించారు. వేరు చేసి తీస్తే నీలిరంగు మాంసకృత్తు వచ్చింది. దానిలో పైత్యరసపు రంగుకు చుట్టమైన ఒక రంగు పదార్థం అతుక్కుని ఉంటుంది. వెలుగు తగిలి మెలి తిరిగేది అదే.

ఫైటోక్రోమ్ మీద పనిచేసే గది ఎలా ఉంటుందనుకున్నారు? ఫోటో స్టూడియోల చీకటి గదుల్లో ఒకప్పుడు ఎర్ర బల్బు ఉండేది. ఇక్కడ ఎర్ర బల్బు పెడితే కొంప మునుగుతుంది. ఈ మాంసకృత్తు అన్నింటికన్నా తక్కువగా పట్టించుకునేది ఆకుపచ్చను. అందుకని ఆకుపచ్చ ఫిల్టరు కట్టిన గుడ్డి దీపం కింద తడుముకుంటూ పనిచేసేవారు. తీరా చూస్తే అదీ పూర్తిగా నమ్మదగింది కాదని 1981లో మాండోలీ, బ్రిగ్స్ చూపించారు. చీకట్లో పెరిగిన ఓట్ మొలకలకు ఆ గుడ్డి పచ్చ దీపమే పట్టపగలైంది. కొన్ని స్పందనలకు మిణుగురు పురుగు ఒక్క మెరుపులో పదో వంతు వెలుగు చాలు!

మరొక చిక్కు. మొక్కను నూరినప్పుడు అందులోని జీర్ణరసాలు ఈ మాంసకృత్తు కొసలను కొరికేసేవి. ఏళ్ల తరబడి అందరూ కొసలు తెగిన దాన్నే అసలు సరుకనుకుని లెక్కలు వేశారు. 1983లో వియర్‌స్ట్రా, క్వెయిల్ చెక్కుచెదరని దాన్ని తీసేదాకా ఆ సంగతి స్థిరపడలేదు. మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కూడా టమాటా మొక్కల మీద ఫైటోక్రోమ్ పరిశోధనలు సాగాయి.

ఆకే ఫిల్టరు

ఇదంతా ప్రయోగశాల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. పొలంలో అతి పెద్ద ఫిల్టరు పచ్చని ఆకే. ఆకు ఎరుపును మింగుతుంది, అవతలి ఎరుపును కిందికి వదిలేస్తుంది. ఆరుబయట ఎండలో ఈ రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. దట్టమైన పైరు నీడలో ఎరుపు పదో వంతుకు పడిపోవచ్చు. కింద ఉన్న మొక్కకు అది కబురు. పైన ఎవరో ఉన్నారు, సాగాలి అని. ఒత్తుగా పోసిన నారు సన్నగా, పొడుగ్గా, బలం లేకుండా సాగడానికి ఇదొక కారణం. తీరా నాటాక మొక్క వాలిపోతుంది.

విశేషమేమంటే, నీడ పడకముందే మొక్కకు పక్కవాడి సంగతి తెలిసిపోతుంది. పక్క మొక్క ఆకుల మీద పడి తిరిగొచ్చే అవతలి ఎరుపు కాండానికి తగులుతుంది. 1990లో అర్జెంటీనా శాస్త్రజ్ఞులు బల్లారే, స్కోపెల్, శాంచెజ్ దీన్ని రుజువు చేసిన తీరు మన రైతులకు ముచ్చట గొలుపుతుంది. వారు వాడిన ఫిల్టరు మైలుతుత్తం నీళ్లు! బోర్డో మిశ్రమంలో మనం కలిపే మైలుతుత్తమే. ఆ నీలి నీళ్లు అవతలి ఎరుపును మింగుతాయి. ఉమ్మెత్త జాతి మొక్క, ఆవ మొక్కల కాండాలకు మైలుతుత్తం నీళ్లు నింపిన పట్టీలు కంటెల్లా తొడిగారు. తొడిగిన మొక్కలు పక్కవాళ్లను గుర్తించలేక, మిగతావాటిలా సాగలేదు. ఆ రోజుల్లోనే అమెరికాలో క్లెమ్సన్ విశ్వవిద్యాలయం వారు మైలుతుత్తం నీళ్లు నింపిన పలకల కింద చామంతిని పెంచి, మందు కొట్టకుండానే పొట్టి మొక్కలు తెచ్చారు.

ఇక కలుపు. గుంటక తోలిన వారానికి చేను మళ్లీ పచ్చబడుతుంది. దున్నేటప్పుడు లోపలి కలుపు గింజ ఒక్క క్షణం పైకి తిరిగి వెలుగు చూసి మళ్లీ మట్టిలో పడుతుంది. ఆ క్షణం చాలు, గడియ తీసుకుంటుంది. ఇంగ్లండ్ పక్కన వేల్స్‌లో వెస్సన్, వేరింగ్ అనేవారు రాత్రిపూట గోతులు తవ్వి, కొన్నింటిని గాజు పలకతో, కొన్నింటిని వెలుగు దూరని రేకుతో కప్పి చూశారు. కలుపు మొలిచింది వెలుగు సోకిన గోతుల్లోనే. ఆ ఫలితాలు 1969లో వెలువడ్డాయి. దీన్ని పట్టుకుని జర్మనీలో రాత్రిపూట దుక్కి ప్రయత్నించారు. 1990లో కలుపు బాగా తగ్గిందని రాశారు గాని, తరువాత వేరేచోట్ల చేసిన వారికి ఫలితం ఒక్క తీరుగా రాలేదు. మనవాళ్లు లైట్లార్పి ట్రాక్టరు తోలితే కలుపు సంగతేమో గాని ట్రాక్టరు కాలువలో పడుతుంది.

స్తంభం పక్క పొలం

ఆలోచించవలసింది వీధి దీపాల సంగతి. గ్రామాల్లో ఇప్పుడు ఎల్‌ఇడి దీపాలు వచ్చాయి. ఊరి చివర స్తంభం పక్క పొలం ఉన్న రైతుకు రాత్రి రాత్రిలా ఉండదు. పగటి పొడుగును పట్టించుకునే వరి రకాలు, సోయాబీన్ అలాంటిచోట ఆలస్యంగా పొట్టకో, పూతకో వస్తాయి. చేనంతా పండినా దీపం చుట్టూ గుండ్రంగా పచ్చగా నిలిచిపోతుంది. విత్తన కొట్టు వాడితో తగవు పెట్టుకునే ముందు రాత్రిపూట ఒకసారి చేలోకి వెళ్లి నీడ ఏ వైపు పడుతోందో చూసుకోవడం మంచిది. దీపానికి పొలం వైపు రేకు అడ్డం కట్టమని పంచాయతీని అడగవచ్చు. దానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఇదే సంగతి తెలిసి బెంగళూరు చుట్టుపక్కల చామంతి రైతులు రాత్రి తోటలో బల్బులు వెలిగిస్తారు. పూత ఆగి, మొక్క ఎదిగాక కావలసినప్పుడు పూస్తుంది.

రంగు నీడవలలు కూడా ఇప్పుడు అమ్మకానికి వస్తున్నాయి. ఎర్ర వల వేస్తే దిగుబడి పెరుగుతుందనే వ్యాపారి మాట మీద డబ్బు పెట్టవద్దు. ఆ వల ఏ వెలుగును ఎంత వదులుతుందో కొలిచిన కాగితం చూపమనాలి. పైన చూశాం కదా, కంటికి ఎర్రగా ఉన్నదంతా మొక్కకు ఎరుపు కాదు.

వేడికీ దీనికీ సంబంధం ఉందని 2016లో రెండు జట్ల వారు వేర్వేరుగా తేల్చారు. ఎరుపు తీసిన గడియ రాత్రి చీకట్లో దానంతటదే మెల్లగా పడిపోతుంది. రాత్రి వేడిగా ఉంటే తొందరగా పడుతుంది. మొక్కకు వెలుగును చూపే ఈ మాంసకృత్తే వేడినీ చెబుతోందన్నమాట.

బడి పిల్లలు చేసి చూడవచ్చు

నారుమడికి తెచ్చిన పొగాకు విత్తనంలో చిటికెడు మిగిలితే హైస్కూలు పిల్లలు ఈ పరీక్ష చేయవచ్చు. నాలుగు పళ్లేలలో తడి గుడ్డ పరిచి గింజలు లెక్కపెట్టి చల్లాలి. ఒకదాన్ని వెలుగు చొరని డబ్బాలో పెట్టాలి. ఒకదాన్ని ఒట్టి గాజుతో మూయాలి. మూడవదాన్ని ఎర్ర సెల్లోఫేన్ రెండు పొరలతో, నాలుగవదాన్ని ఎర్రవి రెండు, ముదురు నీలివి రెండు కలిపి, పక్కల నుంచి వెలుగు దూరకుండా కప్పాలి. కాగితాలు సరైనవో కాదో తెలియాలంటే నాలుగు పొరలూ కలిపి ట్యూబ్‌లైటు వైపు చూడాలి. దాదాపు చీకటిగా కనబడితే పనికొస్తాయి. వసారాలో వెలుతురుండే చోట పెట్టాలి. ఎండలో పెడితే గింజ ఉడుకుతుంది. చెట్టు కింద అసలు పెట్టకూడదు, ఎందుకో ఈపాటికి తెలిసే ఉంటుంది. గుడ్డ ఆరకుండా నీళ్లు చిలకరించేది రాత్రి చీకట్లోనే, టార్చి వేయకుండా.

పదో రోజున నాలుగు పళ్లేలలోనూ మొలకలు లెక్కపెట్టి పక్కపక్కన రాసుకోవాలి. నాలుగవ పళ్లెంలో మొలవని గింజలను పారేయకుండా, కాగితాలు తీసి వసారాలోనే మరో పది రోజులు తడిగా ఉంచి, మళ్లీ లెక్కపెట్టాలి.